పదం, జావళి, ఆడగొంతు: తెలుగునాటికి వెలుపలి నృత్యంలో స్త్రీపురుష భావన

కొన్నేళ్ళ క్రితం మా తరగతిలో ఒక విద్యార్థిని తన నాట్యపాఠాల నోటుపుస్తకం తెచ్చి చూపింది. ఇంట్లో తమిళం, బంధువులు కలిసినప్పుడు తెలుగు. తాతముత్తాతలు ఎప్పుడు వలస వచ్చారో ఎవరికీ తెలియని కుటుంబం. పుస్తకంలో క్షేత్రయ్య పదం ఒకటి తమిళ లిపిలో రాసి ఉంది. పల్లవి, అనుపల్లవి, ఒక చరణం ఉన్నాయి, మిగిలిన రెండు చరణాలు లేవు. ఎందుకు లేవని అడిగాము. ‘అవి ఆడనక్కరలేదన్నారు సార్’ అంది. మేము అచ్చు ప్రతి తీసి మొత్తం పదం చదివి అర్థం చెప్పాము. ఆమె కొంతసేపు ఊరుకొని, ‘ఇది రాసింది మగవాడా?’ అని అడిగింది.

ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు. కాని ఆ ఒక్క మాట చాలదు. పదం రాసినవాడు మగవాడు, అందులో మాట్లాడేది ఆడది, పాడుతూ అభినయించింది ఆడది, ఆమె వెనుక నిలబడి తాళం కొడుతూ అదే మాట పాడినవాడు మగవాడు, ఎదుట కూర్చుని విన్నవారు తమిళులో, కన్నడిగులో, మరాఠీ ప్రభువులో. ఆ రెండు చరణాలు తీసివేసినవారు ఎవరన్నది వేరే కథ. ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన దల్లా ఇదే: గత నూట ముప్పై ఏళ్ళలో ఈ నృత్యంలోంచి పోయింది శృంగారం కాదు, దానిని తన మాటగా పలికిన స్త్రీ. ఆమె మాట తెలుగు కావడంవల్ల ఈ సంగతి తెలుగు చదువుకొనేవారికే ముందుగా కనబడవలసి ఉంది.

తంజావూరు నాయకరాజుల ఆస్థానం తెలుగు ఆస్థానమని మన విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు. 1673 వరకు ఏలిన విజయరాఘవ నాయకుడు స్వయంగా యక్షగానకర్త. ఆయన కొలువులోని రంగాజమ్మ ‘మన్నారుదాస విలాసం’, ‘ఉషాపరిణయం’ రచించింది. రాజు, కవయిత్రి, నర్తకి ఒకే సభలో కూర్చునే ఏర్పాటు అది. నాయకుల తరువాత వచ్చిన భోసల వంశీయుల ఇంటిభాష మరాఠీ, ప్రజల భాష తమిళం. అయినా రంగస్థలం భాష తెలుగుగానే నిలిచింది. శాహజీ మహారాజు రాసిన యక్షగానాల్లో ‘సతీదానశూరం’ ఒకటి. పరాయి స్త్రీని, అందులోనూ అంటరానిదన్న కులపు స్త్రీని, మోహించిన బ్రాహ్మణ గురువును అందులో నవ్వులపాలు చేశాడు. ప్రభువే రాసిన నాటకంలో కామం, కులం, గురుత్వం మూడూ కలిసి వేళాకోళానికి గురికావడం ఆనాటి సభ ఓర్మిని చెబుతుంది. ఆ ఓర్మి పురుషుల సభకు చెందినదనే సంగతి కూడా మరువరాదు.

క్షేత్రయ్య పదాలు ఈ సభల్లో పుట్టినవి, పెరిగినవి. మధుర, తంజావూరు, గోలకొండ కొలువుల్లో వేలకొద్దీ పదాలు చెప్పినట్లు ఆయన పేరిట ఉన్న ఒక పదమే లెక్క చెబుతోంది. లెక్క ఎంతవరకు నమ్మదగినదో గాని నేడు మనకు మిగిలినవి కొన్ని వందలే. వీటిలో మాట్లాడే స్త్రీ ఎక్కువగా వేశ్య. అలంకారికులు స్వీయ, పరకీయ, సామాన్య అని మూడు విధాలుగా చెప్పిన నాయికల్లో కావ్యాలు తక్కువ చూపు చూసిన సామాన్యకు పదం పెద్దపీట వేసింది. ఆమె అలుగుతుంది, ఎత్తిపొడుస్తుంది, బేరమాడుతుంది, రాత్రి జరిగినది చెలికి చెబుతుంది. ఎదుట ఉన్నవాడు మువ్వగోపాలుడు, అంటే దేవుడు. అయినా సొమ్ము మాట సొమ్ము మాటే. 1994లో రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ ఈ పదాలను ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు గ్రంథానికి ‘వెన్ గాడ్ ఈజ్ ఎ కస్టమర్’ అని పేరు పెట్టారు. ఆ పేరు కొందరికి కష్టం కలిగించింది. పదాలు చదివినవారికి మాత్రం అది ఉన్నమాటే.

ఇక్కడ భాషాశాస్త్రం వైపునుంచి ఒక సంగతి చెప్పాలి. తెలుగు క్రియలో ఉత్తమ పురుషకు లింగభేదం లేదు. ‘వచ్చాను’ అన్నది ఆడదో మగవాడో ఆ మాటనుబట్టి తెలియదు. తమిళ, కన్నడాల్లోనూ అంతే. మరాఠీలో అలా కాదు. ‘ఆలో’ అంటే మగవాడు, ‘ఆలే’ అంటే ఆడది. పుణే, షోలాపూరుల్లో పెరిగిన మన పిల్లలకు ఇది సులువుగా తెలుస్తుంది. మరాఠీ లావణిని పురుషకవి ఆడగొంతుతో రాసినప్పుడు ప్రతి క్రియా ఆ వేషాన్ని ప్రకటిస్తుంది. తెలుగు పదంలో క్రియ ఏమీ బయటపెట్టదు. ‘చిన్నదానను’, ‘చిన్నవాడను’ వంటి నామరూపాలు వస్తే తప్ప మాట్లాడేవారెవరో వ్యాకరణం చెప్పదు. మరి చెప్పేదేమిటి? సంబోధన. ‘రారా’ అంటే వినేవాడు పురుషుడు. ‘రావే’ అంటే వినేది స్త్రీ. తెలుగు పదంలో స్త్రీత్వం వక్త క్రియలో లేదు, వక్త ఎవరిని ఎలా పిలుస్తున్నదన్న దానిలో ఉంది. అందుచేత మగవాడు ఆడవేషం కట్టినా, ఆడది నాయకుడి మాట అభినయించినా ఒక్క ప్రత్యయమూ మార్చనక్కరలేదు. వేషం మారడానికి ఇంత వీలిచ్చే భాష రంగస్థలానికి బాగా కలిసివచ్చింది.

సర్వనామం సంగతి దీనికి భిన్నం. తమిళంలో ‘అవళ్’, కన్నడంలో ‘అవళు’ స్త్రీకి ప్రత్యేకం. తెలుగులో ఏకవచనాన ‘అది’ అంటే చెట్టూ కావచ్చు, ఆవూ కావచ్చు, ఆడదీ కావచ్చు. గౌరవం కావలసివస్తే ‘ఆమె’ అంటాము, ‘ఆవిడ’ అంటాము. పదంలోని నాయిక తన సవతిని ‘అది’ అంటుంది, ‘దాని ఇంటికి’ అంటుంది. కోయంబత్తూరు విద్యార్థి దీనిని వ్యాకరణంగా తీసుకొని ఊరుకొంటాడు. కాని అభినయించే స్త్రీకి ఆ ‘అది’లో మూతి విరుపు ఉంది. భాష స్త్రీని చెట్టుతో, గొడ్డుతో ఒక వరుసలో నిలిపింది. ఆ వరుసనే ఒక స్త్రీ మరొక స్త్రీమీద ఆయుధంగా వాడుకొంది.

‘రా’ అనే పిలుపు విలువ తెలియాలంటే మరొక ఆచారం గుర్తు చేసుకోవాలి. మన ఇళ్ళలో భార్య భర్త పేరు చెప్పేది కాదు. కొత్తకోడలిని గుమ్మంలో నిలిపి మగని పేరు చెప్పమని ఆటపట్టించే వేడుక మీరు చూసే ఉంటారు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామకు వచ్చే కష్టం ఇదే. కబురు తీసుకువెళ్ళవలసిన మాధవి ‘మీ వారి పేరేమిటి’ అని నిలదీస్తుంది. సిగ్గుతో భామ తల్లడిల్లుతుంది. అంత గర్వం గల నాయిక కూడా ఆ గీత దాటడానికి జంకుతుంది. పదంలోని స్త్రీ ఆ జంకు లేనిది. పేరు పెట్టి పిలుస్తుంది, ‘రా’ అంటుంది, రావద్దు పొమ్మని కూడా అంటుంది. ఇల్లాలికి లేని పిలుపు వేశ్యకు ఉండడం ఆనాటి సమాజం స్త్రీని రెండుగా కోసిన కోత. స్వేచ్ఛ ఒకరికి, గౌరవం మరొకరికి.

ఇంతటి సత్యభామను శతాబ్దాలపాటు రంగంమీద చూపినవారు పురుషులే. ఇరవయ్యవ శతాబ్దంలో వేదాంతం సత్యనారాయణ శర్మగారు భామగా నడిచివస్తే స్త్రీలే నడక నేర్చుకొన్నారని చెప్పుకొనేవారు. ఆయన 2012లో పరమపదించారు. మద్రాసులో వెంపటి చినసత్యంగారు ఆడపిల్లలకు కూచిపూడి నేర్పి ప్రదర్శనలిచ్చిన తరువాత ఆ వేషం స్త్రీల చేతికి వచ్చింది. తంజావూరు దగ్గరి మెలట్టూరులో ఇప్పటికీ రాలేదు. అచ్యుతప్ప నాయకుడు తెలుగు బ్రాహ్మణ కుటుంబాలకు ఇచ్చిన ఊరు అది. మెలట్టూరు వెంకటరామశాస్త్రి రచించిన తెలుగు నాటకాలను నరసింహ జయంతికి రాత్రంతా ఆడతారు. ప్రహ్లాదుని తల్లి లీలావతి వేషం కట్టేది ఆ కుటుంబాల పురుషుడే. పగలు తమిళంలో బేరాలాడి, ఉద్యోగాలు చేసి, ఆ రాత్రికి తెలుగుతల్లి అయి ఏడ్చే మగవాడిని చూస్తే భాష ఎక్కడెక్కడ దాగి బతుకుతుందో తెలుస్తుంది. దీనిని మేము తక్కువచేసి చెప్పడం లేదు. దేవుని ఎదుట పురుషుడు ఆడవేషం కట్టడం భక్తి అయింది, అదే దేవుని ఎదుట ఆడది ఆడదిగా ఆడడం పందొమ్మిదవ శతాబ్దాంతానికి నేరమైంది. ఈ రెంటిని పక్కపక్కన పెట్టి చూడమని మాత్రం అంటున్నాము.

సదిరు కచేరీలో స్త్రీ ఒక్కతే నాయిక, చెలికత్తె, నాయకుడు అన్నీ అయ్యేది. పాట తానే పాడేది. నట్టువనారు, మేళం వెనుక నిలబడి ఆమె అడుగుతోపాటు ముందుకూ వెనక్కూ కదిలేవారు. పందొమ్మిదవ శతాబ్దంలో మైసూరు కొలువులో, తరువాత మద్రాసులో జావళి వచ్చింది. తంజావూరు సోదరుల్లో చిన్నయ్య మైసూరులో ముమ్మడి కృష్ణరాజ ఒడయరు ఆశ్రయంలో ఉన్నాడు. తర్వాతి తరంలో ధర్మపురి సుబ్బరాయరు జావళులకు పేరుపొందాడు. పదానికున్న నిదానం జావళికి లేదు. నడక చురుకు, మాట వాడుకకు దగ్గర. జావళిలో కొన్నిచోట్ల మగవాడు కూడా నోరు విప్పి బతిమాలుకొంటాడు. ఆ బతిమాలుకోవడాన్ని అభినయించేది మళ్ళీ స్త్రీయే. సభలోని పెద్దమనుషులు తమ గొంతును ఆమె పెదవులమీద విని నవ్వుకొనేవారేమో!

ఇక పురుషుడు కల్పించిన ఆడగొంతు కాక స్త్రీయే రాసినప్పుడు ఏమి జరిగిందో చూడాలి. తంజావూరులో ప్రతాపసింహుని (1739–1763) కొలువులోని ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’ రచించింది. నాలుగాశ్వాసాలు, 584 పద్యాలు. కథ చిన్నది. రాధ తాను పెంచిన ఇళాకన్యను కృష్ణునికిచ్చి పెళ్ళి చేస్తుంది. ఆ పిల్లకు పడకటింటి బుద్ధులు చెబుతుంది, కృష్ణునికి ఆమెతో మృదువుగా ఉండమని చెబుతుంది. తీరా వారిద్దరూ ఒకటైన తరువాత తట్టుకోలేకపోతుంది. అలిగిన రాధను కృష్ణుడు వేడుకోవడం కావ్యం పేరులోనే ఉంది. కోరిక వయసులో పెద్దదైన స్త్రీది, ఆ కోరికను తీర్చవలసిన బాధ్యత పురుషునిది. తెలుగు శృంగార ప్రబంధాలు ఎన్నో ఉన్నాయిగాని ఈ తిరుగుడు వాటిలో అరుదు. అవతారికలో తన వంశం చెప్పుకొనేటప్పుడు ముద్దుపళని స్త్రీల వరుసను తలచుకోవడం గమనించవలసిన విషయం.

1887లో ఈ కావ్యం అచ్చయినప్పుడు కొన్ని భాగాలు విడిచిపెట్టారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు కవుల చరిత్రలో ఆమె పాండిత్యాన్ని ఒప్పుకొంటూనే, స్త్రీలు పలకడం మాట అటుంచి వినడానికే తగనివి ఇందులో ఉన్నాయని తీర్పు చెప్పారు, ఆమె శీలాన్నీ నిందించారు. పంతులుగారు వితంతు వివాహాలు జరిపించినవారు. స్త్రీ దుఃఖం ఆయనకు తెలుసు. స్త్రీ కోరిక దగ్గర మాత్రం ఆగిపోయారు.

బెంగుళూరు నాగరత్నమ్మ ఇక్కడ వస్తుంది. 1878లో నంజనగూడులో పుట్టిన కన్నడదేశపు దేవదాసి. మైసూరు, బెంగుళూరుల్లో సంగీతం, తెలుగు నేర్చి మద్రాసు చేరింది. మైసూరు సంస్థానం దేవాలయాల్లో దేవదాసీల సేవలు మాన్పించినది 1909లో. ఆ మరుసటి ఏడే, 1910లో, వ్రాతప్రతితో సరిచూసి సంపూర్ణ పాఠంగా ‘రాధికాసాంత్వనం’ వావిళ్ళవారిచేత ఆమె అచ్చువేయించింది. పీఠికలో ఆమె వేసిన ప్రశ్న సూటిగా ఉంటుంది. సిగ్గు స్త్రీకే సహజమా, పురుషునికి అక్కరలేదా? వేశ్య రాస్తే తప్పు, పెద్దమనిషి రాస్తే ఒప్పా? పంతులుగారే పరిష్కరించిన ‘వైజయంతీవిలాసం’లోని ఘట్టాలు ఇంతకన్న పచ్చిగా లేవా? ఇవి ఆమె మాటల సారాంశం. 1911లో గ్రంథం అశ్లీలమని ప్రభుత్వం ప్రతులు స్వాధీనం చేసుకొంది. పండితులు అర్జీలు పెట్టినా ఫలం లేకపోయింది. టంగుటూరి ప్రకాశంగారు మద్రాసు ప్రధానిగా ఉన్న 1946–47 నాటికిగాని నిషేధం తొలగలేదు. 1952లో వావిళ్ళవారు మళ్ళీ అచ్చువేశారు. నాగరత్నమ్మ ఆ ఏడే కాలం చేసింది.

ఆమెను ఒక పుస్తకంతోనే గుర్తుంచుకోరాదు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి పాడుపడి ఉంటే తన సంపాదన వెచ్చించి మందిరం కట్టించింది. ఆ ఆరాధనలో స్త్రీలు పాడరాదన్నారు. కట్టించినామెకే పాడే హక్కు లేదు! ఆమె 1927లో స్త్రీలను కూడగట్టుకొని వేరుగా ఆరాధన సాగించింది. 1940 ప్రాంతంలో గాని వర్గాలు ఒకటి కాలేదు. నేడు పంచరత్నాలు పాడే గుంపులో కూర్చునే ప్రతి ఆడపిల్లా ఆ పోట్లాట ఫలితం అనుభవిస్తున్నదే.

సంస్కరణోద్యమాన్ని ఒక్క దెబ్బతో దోషిగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. 1893లో మద్రాసు సంఘసంస్కర్తలు వైస్రాయికి, గవర్నరుకు మేజువాణీలకు వెళ్ళవద్దని విజ్ఞప్తి పంపారు. అందులో స్త్రీల క్షేమంకన్న పెద్దమనుషుల పరువు చింత ఎక్కువ కనిపిస్తుంది. కాని డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డిగారి మాట వేరు. ఆమె తల్లి దేవదాసీ కుటుంబపు స్త్రీ. ఊహ తెలియని పిల్లలను గుడికి ఒప్పగించడం ఏమిటో ఆమెకు పుస్తకాలు చదివి తెలుసుకోవలసిన పనిలేదు. 1927లో శాసనమండలిలో తీర్మానం, 1929లో దేవాదాయ చట్ట సవరణ, చివరకు 1947లో దేవదాసీ నిషేధ చట్టం ఆ పోరాటంలోంచి వచ్చినవే. అదే కులంలో పుట్టిన మూవలూరు రామామృతం అమ్మైయార్ 1936లో తమిళంలో నవల రాసి ఆ వృత్తిలోని మోసాన్ని బయటపెట్టింది. నాగరత్నమ్మ వంటివారు మరొక వైపు నిలిచి, చదువు, ఆస్తి, కళ ఉన్న స్త్రీలను కేవలం పతితలుగా లెక్కకట్టడాన్ని ఎదిరించారు. వీరిలో ఎవరు అబద్ధం చెప్పారని అడిగితే మేము చెప్పలేము. ఎవరి మాట చట్టమైందో, ఎవరి జీవనాధారం పోయిందో చెప్పగలము.

చట్టం రావడానికి ముందే నృత్యం చేతులు మారింది. వకీలు ఇ. కృష్ణయ్యర్‌గారు సదిరు నేర్చి, స్త్రీవేషం ధరించి ఆడి, అది చూడదగిన కళేనని పెద్దమనుషులను ఒప్పించారు. కులీన పురుషుడు చీరకట్టి ఆడితే కళ, దేవదాసి తన చీరలో తాను ఆడితే అప్రతిష్ఠ. 1932లో ముత్తులక్ష్మీ రెడ్డిగారికీ ఆయనకూ పత్రికల్లో వాదం నడిచింది. మద్రాసు సంగీత అకాడమీ వేదికమీద ‘భరతనాట్యం’ అనే పేరు స్థిరపడినది ఆ రోజుల్లోనే. రుక్మిణీదేవి 1935లో అడయారులో తొలి ప్రదర్శన ఇచ్చారు, మరుసటి ఏడు కళాక్షేత్రం స్థాపించారు. మేళాన్ని నర్తకి వెనుకనుంచి తీసి పక్కన కూర్చోబెట్టారు, కొన్ని పదాలను వదిలేశారు, భక్తిని ముందుకు తెచ్చారు. వీణ ధనమ్మాళ్ మనుమరాలు బాలసరస్వతి దానికి ఒప్పుకోలేదు. 1975లో తమిళ ఇసై సంగం అధ్యక్షోపన్యాసంలో శృంగారమే ఈ నాట్యానికి ప్రాణమని, దానిని బయటివారు శుద్ధి చేయనక్కరలేదని నిలబడి చెప్పింది. తమిళ పాటకోసం ఏర్పడిన సభలో ఆ మాట చెప్పిన ఆమె కుటుంబపు నిధి తెలుగు పదాలు, జావళులు కావడం మన పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం.

నాయికను జీవాత్మగా, నాయకుని పరమాత్మగా చెప్పే వ్యాఖ్యానం కొత్తది కాదు. భక్తి సంప్రదాయంలో దానికి చోటుంది. మా అభ్యంతరం దానిని మూతగా వాడడంమీద. ‘నా సొమ్ము ఎక్కడ’ అని అడిగే నాయిక పరమాత్మను ఏమి అడుగుతున్నట్లు? అక్కడ వ్యాఖ్యాత చెమటలు పట్టి చరణం మానేస్తాడు. అలా మానేసినవాటిలో సామాన్య నాయిక పోయింది, విరహిణి ఒక్కతే మిగిలింది. అడిగే స్త్రీ పోయి ఎదురుచూసే స్త్రీ మిగిలింది. మధ్యతరగతి ఇంటి పిల్ల తొందరగా నేర్చుకోగల భంగిమ అదే కదా.

ఈ వడపోతకు లిపి కూడా సాయపడింది. తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం. ప, బలకు ఒకటే. ‘బాల’ అని రాసినా ‘పాల’ అని రాసినా ఒకే రూపం. అర్థం తెలియని పిల్ల ముద్దరాలి స్థానంలో పాలగిన్నె పట్టే ముద్ర చూపితే తప్పు ఆమెది కాదు. 1904లో ఎట్టయాపురంలో సుబ్బరామ దీక్షితులు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగు లిపిలో అచ్చువేసినప్పుడు తమిళనాట సంగీతజ్ఞులకు ఆ లిపి చదవడం వచ్చు. రెండు మూడు తరాల్లో అది పోయింది. లిపి పోయాక చరణాలు తీసివేయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, అడిగేవారు లేరు.

మా విద్యార్థిని ఆ సెలవుల్లో తెలుగు అక్షరాలు నేర్చుకొంది. గుణింతాల దగ్గర కొంత అవస్థపడింది. తరువాత తన నోటుపుస్తకంలో తమిళ పాఠం కింద మిగిలిన రెండు చరణాలూ తెలుగులో రాసుకొని వచ్చి, ఒక చోట ‘అది’ అన్నది సవతినా, రాత్రినా అని అడిగింది. రెండూ కావచ్చునన్నాము. అయితే రెండు విధాలా పట్టి చూపుతానని వెళ్ళింది.